మందుకు లొంగని నట్టలు

నట్టల మందు పోసిన పిదప కూడ గొఱ్ఱె కోలుకొనకున్నచో మందు నకిలీదేమోయని కాపరులు సందేహింతురు. మందు మంచిదైనను నట్టయే దానికి లొంగక పోవచ్చును. పంచాయతీ సభ్యులు దీనిని ఏల గమనింపవలెనో ఇచట వివరించుచున్నాము.

నట్టలలో ప్రమాదకరమైనది హీమాంకస్. ఇది గొఱ్ఱె నాల్గవ పొట్టలో నుండి నెత్తురు పీల్చును. ఒక్కొక్క ఆడ నట్ట దినమునకు 5,000 నుండి 10,000 వరకు గ్రుడ్లు పెట్టగలదు. అవి పెంటికలతో బయటపడును. వాటి నుండి వెలువడిన పిల్లలు తడి గడ్డి మీదికి ప్రాకును. ఆ గడ్డి మేసిన జీవమునకు కనురెప్పల లోపల తెల్లబడును. దవడ క్రింద నీరు దిగును. నత్తల మూలమున వచ్చు కార్జపు జలగకును ఇవే గుర్తులు. కావున ముందు పెంటికల పరీక్ష అవసరము.

మందు పోసినపుడు పెక్కు నట్టలు చచ్చును. పుట్టుకతోనే దానిని తట్టుకొను కొద్ది నట్టలు మిగిలి గ్రుడ్లు పెట్టును. అదే మందును మరల మరల పోసినకొలది వాటి సంతతియే పెరుగును. థయాబెండజోల్ 1961లో వాడుకలోనికి వచ్చినది. 1964 నాటికే దానికి లొంగని హీమాంకస్ అమెరికాలో కనబడినది. నేడు మనము వాడు ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఆ కుటుంబపు మందులే.

ప్రకాశం బరాజు కాలువల క్రింది నేలలో తేమ నిలుచును. కోతలైన చేలలో అనేక మందలు మేయును. ఎరువుకై మందలు కట్టించుటయు కలదు. కావున ఒకరి మందలోని మొండి నట్ట ఊరందరి నట్ట యగును. అది బీడున స్థిరపడినచో తొలగించుట మిక్కిలి కష్టము.

అందుచే ఈ జాగ్రత్తలు పాటింపవలెను:

1. కంటి అంచనాతో గాక జీవాలను తూచి మందు పోయవలెను. తక్కువ మోతాదు మొండి నట్టకు మేలు చేయును. మేకల మోతాదు వేరు, వైద్యుని అడుగవలెను.

2. మందు పోయుటకు ముందును, పోసిన 14వ దినమునను పెంటికలను పరీక్షింపజేయవలెను. గ్రుడ్లు నూటికి 95 వంతులైనను తగ్గకున్నచో వైద్యుని సలహాపై వేరొక కుటుంబపు మందునకు మారవలెను.

3. కొత్తగా కొన్న జీవాలను వేరుగా నుంచి, మందు పోసి, పరీక్షించిన పిదపనే మందలో కలుపవలెను.

4. కనురెప్పలు ఎఱ్ఱగా నున్న పుష్టిగల పెద్ద గొఱ్ఱెలలో కొన్నిటిని వైద్యుడు మందు లేక విడువుమనవచ్చును. వాటిలోని లొంగు నట్టలు మొండివాటితో కలిసి ఆ గుణమును పలుచన చేయును.

ఒక తూకపు కాటాను ఊరుమ్మడిగా ఏర్పరచుట, కాపరులను వైద్యునితో సమావేశపరచుట పంచాయతీకి అసాధ్యములు కావు. పనిచేయు మందును కాపాడుకొనుట ఊరుమ్మడి చెఱువును కాపాడుకొనుట వంటిదే.