మూత్రం ఆపుకోలేకపోవడం: ఇంట్లోవారు తెలుసుకోవలసిన విషయాలు

మీ ఇంట్లో అమ్మగారో, అత్తగారో ఈమధ్య పెళ్ళిళ్ళకు రావడం మానేశారా? బస్సెక్కాలంటే ముందురోజు నుంచే మంచినీళ్ళు తగ్గిస్తున్నారా? తమ బట్టలు ఎవరి కంటా పడకుండా ఉతికి విడిగా ఆరేసుకుంటున్నారా? అడిగితే మోకాళ్ళ నొప్పులంటారు, ఓపిక లేదంటారు. అసలు సంగతి మూత్రం ఆగకపోవడం కావచ్చు.

ఇది దాచుకునే జబ్బు. బి.పి. కోసమో షుగరు కోసమో వచ్చినవారిని పక్కకు కూర్చోబెట్టి, "దగ్గినప్పుడు బట్ట తడుస్తుందా అమ్మా?" అని మేము అడిగితే తప్ప చాలామంది చెప్పరు. మగవారైతే అడిగినా చెప్పరు. "వయసొచ్చాక ఇంతేలే" అని సరిపెట్టుకుంటారు. వయసుతో ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది, నిజమే. కానీ వయసొచ్చింది కాబట్టి భరించవలసిందే అనడం తప్పు. చాలామందికి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది.

ఎందుకు వస్తుంది?

మూత్రపిండాలలో తయారైన మూత్రం మూత్రాశయం అనే సంచిలో చేరుతుంది. పెద్దవారిలో ఈ సంచి సుమారు 400 నుంచి 500 మి.లీ. పట్టుకుంటుంది. సగం నిండేసరికి వెళ్ళాలనిపిస్తుంది, అయినా కొంతసేపు ఆపుకోగలం. సంచి కింద, కటి భాగంలో, ఉయ్యాల గుడ్డలా పరచుకుని కొన్ని కండరాలుంటాయి. అవి బిగిసి ఉన్నంతసేపు మూత్రం ఆగుతుంది.

కాన్పుల వల్ల, ముట్లుడిగిన తరువాత, స్థూలకాయం వల్ల, ఏళ్ళ తరబడి దగ్గు వల్ల ఆ కండరాలు వదులవుతాయి. అప్పుడు దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా కొద్దిగా పడిపోతుంది. ఇది ఒక రకం. రెండో రకంలో సంచి నిండకముందే ముడుచుకుంటుంది. వెళ్ళాలనిపించిన మరుక్షణమే వెళ్ళాలి, తలుపు దాకా వెళ్ళేలోపే తడిసిపోతుంది. పక్షవాతం వచ్చినవారిలో ఇది తరచుగా చూస్తాం. మూడో రకంలో సంచి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, నిండి పొర్లినట్లు చుక్కలు చుక్కలుగా కారుతుంది. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన మగవారిలో, చాలాకాలంగా షుగరు ఉండి నరాలు దెబ్బతిన్నవారిలో ఇలా జరుగుతుంది. ఇక కొందరికి సంచిలో ఏ లోపమూ ఉండదు. మోకాళ్ళు పట్టేసి లేవలేరు, లేచేసరికి ఆలస్యమవుతుంది.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, అదుపులో లేని షుగరు, కొన్ని మందులు కూడా కారణాలే. కాబట్టి పరీక్ష చేయించకుండా "కండరాల బలహీనత" అని మీరే తీర్మానించకండి.

ఇంకొక మాట, ఇది ముఖ్యం. కష్టమైన కాన్పు తరువాత గానీ, గర్భసంచి తీసిన ఆపరేషన్ తరువాత గానీ, పగలూ రాత్రీ తేడా లేకుండా కారుతూనే ఉంటే మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. దీనికి వ్యాయామం పనిచేయదు. చాలామందికి ఆపరేషన్‌తో నయమవుతుంది. వాసన వస్తుందని ఆమెను వేరే గదిలో పడుకోబెట్టి సంవత్సరాలు గడిపే కుటుంబాలు ఉన్నాయి. దయచేసి తీసుకురండి.

నీళ్ళు తగ్గించడం మందు కాదు

అందరూ మొదట చేసే పని నీళ్ళు మానడం. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి సంచిని మంటపెడుతుంది, ఇంకా తొందర చేస్తుంది. మలబద్ధకం వస్తుంది, ఇన్‌ఫెక్షన్ కూడా రావచ్చు. మన ఎండలలో పెద్దవారు సోలిపోతారు కూడా. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరుగారు కొలత చెప్పినవారు తప్ప, మిగిలినవారు రోజుకు 6 నుంచి 8 గ్లాసులు తాగాలి. ఎండలో పనిచేసేవారికి ఇంకా కావాలి. పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించండి. కాఫీ, టీ రోజుకు ఒకటి రెండుసార్లకు మించకుండా చూడండి.

రాత్రిపూట ఎక్కువ జాగ్రత్త అవసరం. ఆమధ్య ఒక అత్తాకోడళ్ళు వచ్చారు. అత్తగారు రాత్రికి నాలుగుసార్లు లేచి, కోడలి నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక, చీకట్లో పెరటి చివరి దొడ్డికి ఒక్కరే వెళ్ళేవారట. ఒక రాత్రి తొందరలో జారిపడి తుంటి ఎముక విరిగింది. వార్డులో కోడలు, "ఒక్కమాట చెప్తే తోడు లేచేదాన్ని కదా అత్తమ్మా" అని పదేపదే అంటుంటే ఆవిడ మాట్లాడలేదు. తరువాత అడిగితే తెలిసింది, కాళ్ళ వాపుకు ఇచ్చిన నీరు దిగే మాత్ర ఆవిడ సాయంత్రం వేసుకుంటున్నారు. డాక్టరుగారు దాన్ని ఉదయానికి మార్చారు. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి మాత్ర వాడుతుంటే సొంతంగా ఆపకండి, ఏ వేళకు వేసుకోవాలో అడగండి. మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి. మగవారికైతే మూత్రం పట్టే డబ్బా చాలు. దారిలో చిన్న బల్బు వెలగనివ్వండి. బొందు ముడులు విప్పుకోలేనివారికి ఎలాస్టిక్ ఉన్న బట్టలు వేయండి.

వ్యాయామం

1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ఈ వ్యాయామం గురించి రాశారు. ఖర్చు లేదు, మందు లేదు. మూత్రాన్నీ, అపానవాయువునూ ఒకేసారి ఆపుకుంటున్నట్లు లోపలి కండరాలను పైకి బిగించాలి. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, తిరిగి ఐదు అంకెలు విశ్రాంతి. ఇలా 8 సార్లు, రోజుకు 3 పూటలు. పడుకుని మొదలుపెట్టి, తరువాత కూర్చుని, నిలబడి చేయవచ్చు. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి చేయడం అలవాటు చేసుకోవద్దు. దగ్గు, తుమ్ము వస్తోందనగానే ముందే బిగించడం నేర్చుకుంటే బట్ట తడవడం తగ్గుతుంది. కనీసం మూడు నెలలు చేయాలి. చాలామంది పదిహేను రోజులు చేసి "పనిచేయలేదు సిస్టర్" అంటారు.

తొందరగా వచ్చేవారు పరుగెత్తకూడదు. ఉన్నచోటే కూర్చుని ఐదారుసార్లు గబగబా బిగించి వదిలితే ఆ తొందర తగ్గుతుంది, అప్పుడు నడిచి వెళ్ళాలి. ముందు గంటకొకసారి వెళ్తుంటే, వారం వారం పదిహేను నిమిషాలు పెంచుకుంటూ పోవాలి.

మంచాన ఉన్నవారికి

మతిమరుపు ఉన్నవారిని కోప్పడవద్దు. కావాలని చేయడం లేదు. రెండు గంటలకొకసారి మీరే అడిగి తీసుకువెళ్తే సగం బట్టలు ఉతకడం తప్పుతుంది. తడిసిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది, వాజలైన్ గానీ జింకు ఆయింట్‌మెంట్ గానీ పలచగా రాయండి. డెట్టాల్ పోసి కడగవద్దు, చర్మం పగులుతుంది. పౌడరు దట్టంగా వేస్తే తడికి ఉండకట్టి ఒరుసుకుంటుంది. తనంతట తాను కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. ఒక్క రాత్రి తడిలో అలాగే ఉంచినా పిరుదుల దగ్గర పుండు మొదలుకావచ్చు, అది మానడానికి నెలలు పడుతుంది.

"పైపు వేసేయండి సిస్టర్, మాకు సులువు" అని అడుగుతారు. పైపు అవసరమైనవారికే వేస్తాం, ఎందుకంటే ఉన్నకొద్దీ ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వేసి పంపితే చేతులు సబ్బుతో కడుక్కునే ముట్టుకోండి. సంచి ఎప్పుడూ నడుముకంటే కిందనే ఉండాలి, నేలను తాకకూడదు. మెలిపడకుండా చూసుకోండి. మూడింట రెండు వంతులు నిండేలోపే ఖాళీ చేయండి.

ఎప్పుడు తీసుకురావాలి

మూత్రంలో రక్తం, చలిజ్వరం, పొత్తికడుపు ఉబ్బి మూత్రం అసలు రాకపోవడం ఉంటే ఆ రోజే రండి. నడుము నొప్పితో కాళ్ళు పట్టుతప్పి, కూర్చునే చోట స్పర్శ తెలియకపోతే రాత్రయినా ఆగవద్దు. మిగిలినవారు ముందుగా మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఎన్ని గ్లాసులు తాగారు, ఏ వేళకు వెళ్ళారు, ఎప్పుడు తడిసింది. ఆ కాగితం, వాడుతున్న మందులన్నీ తెచ్చుకోండి. నర్సుతో విడిగా మాట్లాడాలనుకునే స్త్రీలు ఓ.పి. చీటీ రాసేచోట ఆ మాట అంటే చాలు, కారణం చెప్పనక్కరలేదు.