చదువులో వెనుకబడిన విద్యార్థికి మెంటర్ తోడ్పాటు

పరీక్షల రోజుల్లో తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం వంటి బాధలతో కాలేజీ పిల్లలు ఆసుపత్రికి వస్తుంటారు. కొందరికి రక్తపరీక్షల్లో ఏ లోపమూ కనబడదు. నెమ్మదిగా అడిగితే, రెండు మూడు సబ్జెక్టులు తప్పామని, ఇంట్లో ఇంకా చెప్పలేదని బయటపెడతారు. ఇటువంటివారికి మందుతోపాటు ధైర్యం చెప్పే పెద్దవారు కావాలి. కాలేజీలో ఆ బాధ్యత మెంటర్‌ది.

మెంటర్ అంటే ఎవరు?

చాలా కాలేజీల్లో కొద్దిమంది విద్యార్థుల మంచిచెడ్డలు చూసే బాధ్యతను ఒక్కో అధ్యాపకునికి అప్పగిస్తారు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ కూడా ఈ ఏర్పాటును పరిశీలిస్తుంది. అయితే రిజిస్టరులో సంతకాలు పెట్టించినంత మాత్రాన మేలు జరగదు. కష్టంలో ఉన్న విద్యార్థి సిగ్గువల్ల, భయంవల్ల తనంతట తాను రాడు. మెంటరే ముందుగా పిలవాలి.

మెంటర్ చేయవలసినవి

1. హాజరు గమనించాలి: మార్కులకంటే ముందు తగ్గేది హాజరే. జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కోర్సుల్లో సాధారణంగా 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యం వంటి కారణాలుంటే 65 శాతం వరకు కండోనేషన్ అడగవచ్చు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. కాబట్టి 80 దగ్గరున్నప్పుడే పిలిచి మాట్లాడాలి.

2. మార్కులతో మొదలుపెట్టకూడదు: "ఎందుకు తప్పావు?" అంటే పిల్లలు నోరు మూసుకుంటారు. "నిద్ర పడుతోందా? వేళకు తింటున్నావా? హాస్టల్లో ఎలా ఉంది?" అని అడగాలి. నలుగురి ముందు కాక, విడిగా అడగాలి.

3. కారణం తెలుసుకోవాలి: తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి ఇంగ్లీషు పాఠం అందకపోవచ్చు. ఫీజు బాకీ ఉండవచ్చు. రక్తహీనతవల్ల నీరసం ఉండవచ్చు. చూపు తగ్గి బోర్డు కనబడకపోవచ్చు. ఒక్కో కారణానికి ఒక్కో పరిష్కారం ఉంటుంది. అందరికీ "బాగా చదువు" అని చెబితే సరిపోదు.

4. చిన్న ప్రణాళిక వేయాలి: నాలుగు సబ్జెక్టులు మిగిలితే, ముందుగా తేలికైన రెండింటిని ఎంచుకోమనాలి. సాయం చేసే ఒక సీనియర్‌ను చూపాలి. వారం తరువాత మళ్లీ రమ్మని రోజు, సమయం చెప్పాలి.

5. ప్రమాద సూచనలు గుర్తించాలి: "నేను లేకపోతేనే మేలు" వంటి మాటలు, తిండి మానడం, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం కనబడితే ఒంటరిగా వదలకూడదు. చావు ఆలోచనలున్నాయా అని నేరుగా అడగవచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వక, ఇంటివారికి తెలిపి వెంటనే వైద్యునికి చూపించాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు.

తల్లిదండ్రులకు

మీ బిడ్డ మెంటర్ పేరు, ఫోన్ నంబరు రాసి ఉంచుకోండి. ఫలితాలు వచ్చేవరకు ఆగకుండా సెమిస్టరు మధ్యలో ఒకసారి కలవండి. ఆయన ముందు బిడ్డను తిట్టవద్దు, ఇతరులతో పోల్చవద్దు. తప్పిన సబ్జెక్టును సప్లిమెంటరీలో రాసుకోవచ్చని, ఆ మాట ఇంట్లో భయం లేకుండా చెప్పవచ్చని బిడ్డకు ముందే తెలియజేయండి.