నడిమి చూపును నిలుపు శస్త్రచికిత్స

గ్రామములలో పెద్దవారికి చూపు తగ్గినదన్నచో "పొర వచ్చినది" అనుకొనుట పరిపాటి. చాలమంది విషయమున అది నిజమే. కాని కొందరికి కంటి ముందుభాగము స్వచ్ఛముగనే యుండి, వెనుకనున్న పొర చెడును. అట్టివారు త్రోవ తప్పరు, గుమ్మము తాకరు. కాని ఎదుటివారి ముఖమును గుర్తుపట్టలేరు. బియ్యములో రాళ్లు ఏరలేరు. పాసుపుస్తకములోని అంకెను చదువలేరు. "చక్కగా తిరుగుచున్నాడు గదా, చూపునకేమి?" అని ఇంటివారు ఉపేక్షింతురు. ఈ ఉపేక్ష వలన బాగుపడదగిన చూపు చేజారుచున్నది. పంచాయతీ సభ్యులు ఈ భేదమును గ్రహించి నలుగురికి తెలుపుదురను ఉద్దేశముతో ఈ విషయములను వివరించుచున్నాము.

చెడునది ఏది?

కంటిగ్రుడ్డు వెనుక గోడకు లోపలివైపున పలుచని పొర యొకటి అంటియుండును. దీనిని రెటీనా అందురు. దీని నడిమి భాగమునకు మాక్యులా అని పేరు. వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను చదువుట, కుట్టుట, ముఖములు పోల్చుట వంటి సూక్ష్మమైన చూపంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

గ్రుడ్డు లోపల తెల్లసొన వంటి జిగురు పదార్థము నిండియుండును. వయసు మీరిన కొలది అది కుంచించుకొని రెటీనా నుండి విడిపోవును. చాలమందికి దీనివలన హాని లేదు. కొందరిలో మాత్రము అది మాక్యులాను పట్టి లాగుటచే అచట రంధ్రము పడును. 60 ఏండ్లు దాటినవారికి, అందును స్త్రీలకు, ఇది ఎక్కువ. మరికొందరికి మాక్యులాపై సన్నని తెర యేర్పడి, దానిని ముడుతలు పడజేయును. రంధ్రము పడినచో చూపు నడుమ మచ్చవలె తోచును. తెర యేర్పడినచో తిన్నని గీతలు వంకరలు పోవును. ఈ రెంటికిని చుక్కలమందు గాని, కంటి అద్దములు గాని పనిచేయవు.

ఇంటియందే పరీక్ష

ఒక కన్ను చెడినను రెండవ కన్ను ఆ లోపమును కప్పిపుచ్చును. కావున ఒక్కొక్క కంటిని వేరుగా పరీక్షించుకొనవలెను. అద్దములు వాడువారు వానిని పెట్టుకొని, ఒక కంటిని అరచేతితో మూసి, గోడ కాలెండరులోని గళ్లను దగ్గరనుండి చూడవలెను. పిదప రెండవ కంటితో చూడవలెను. గీతలు వంగినట్లు తోచినను, నడుమనున్న అంకె మాయమైనను ఆలస్యము చేయక కంటివైద్యుని చూపించుకొనవలెను. ఓ.సి.టి. అను యంత్రముతో నొప్పి లేకుండ తీయు చిత్రమున వ్యాధి స్పష్టమగును.

శస్త్రచికిత్స

1970లో అమెరికాలోని మయామీ నగరమున రాబర్ట్ మాకెమర్ అను వైద్యుడు గ్రుడ్డులోని జిగురు పదార్థమును చిన్న రంధ్రము ద్వారా తొలగించు పద్ధతిని నెలకొల్పెను. అప్పటికిని మాక్యులా రంధ్రమునకు చికిత్స లేదనియే తలచెడివారు. 1991లో కెల్లీ, వెండెల్ అను అమెరికా వైద్యులు ఈ పద్ధతితో 52 కన్నులకు చికిత్స చేయగా 30 కన్నులలో రంధ్రము మూసుకొన్నట్లు ప్రకటించిరి. నేడు పదింట సుమారు తొమ్మిది మూసుకొనుచున్నవి.

సాధారణముగా కంటికి మాత్రమే మత్తు ఇత్తురు. తెల్లగ్రుడ్డుపై మిల్లీమీటరు కన్న చిన్నవైన మూడు రంధ్రములు చేసి, జిగురు పదార్థమును తీసివేసి, మాక్యులాపైనున్న తెరను సన్నని పటకారుతో ఒలుతురు. రంధ్రమున్నచో గ్రుడ్డులో వాయువును నింపుదురు. ఆ వాయుబుడగ రంధ్రమును అదిమిపట్టి మానునట్లు చేయును.

చికిత్స తరువాతి జాగ్రత్తలు

బుడగ పైకి తేలును. అది వెనుకనున్న మాక్యులాకు తగులవలెనన్నచో ముఖము నేలవైపునకు వంచియుండవలెను. వైద్యుడు చెప్పినయెడల కొన్ని దినములు ఇట్లే యుండవలసి వచ్చును. ఇది ఒంటరివారికి సాధ్యము కాదు. అన్నము పెట్టుటకు, చుక్కలు వేయుటకు మనిషి తోడుండవలెను.

వాయువు కరుగుటకు రకమునుబట్టి రెండు మొదలు ఎనిమిది వారములు పట్టును. అంతవరకు విమానమెక్కరాదు. కొండ యెక్కినను వాయువు వ్యాకోచించి కంటిలో పీడనము పెరుగును. విశాఖపట్టణమున చికిత్స పొంది పాడేరు, అరకు వైపు తిరిగి వెళ్లువారు ముందుగా వైద్యుని అడిగి తీరవలెను. ఈ కాలమున మరేదేని శస్త్రచికిత్స అవసరమైనచో కంటిలో వాయువున్నదని తప్పక చెప్పవలెను. కన్ను నొప్పిపెట్టినను, ఎరుపెక్కినను, చూపు హఠాత్తుగా తగ్గినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

చూపు నెలల తరబడి మెల్లగా మెరుగగును. పూర్వపు చూపంతయు తిరిగి రాకపోవచ్చును. ఏడాదికి మించిన పాత రంధ్రములకు ఫలితము తక్కువ. పిమ్మట శుక్లము త్వరగా ముదురుట సహజము. దానికి వేరుగా చికిత్స కలదు. నడిమి చూపును చెరచు వ్యాధులన్నిటికిని ఈ శస్త్రచికిత్స తగదనియు గ్రహింపవలెను. మధుమేహమువలన మాక్యులా వాచినపుడు, వృద్ధాప్యమున అచట రక్తనాళములు కారినపుడు ముఖ్యముగా కంటిలోనికి సూదిమందు ఇత్తురు.

పంచాయతీ చేయదగినది

గ్రామసభలో కాలెండరు పరీక్షను అందరిచే చేయించవచ్చును. ఆశా కార్యకర్త సాయముతో లోపము తోచినవారి పేర్లు వ్రాసుకొని, రెటీనా వైద్యులున్న ఆసుపత్రికి పంపవలెను. హైదరాబాదున సరోజినీదేవి కంటి ఆసుపత్రియు, విశాఖపట్టణము, కర్నూలులలో ప్రాంతీయ కంటి ఆసుపత్రులును ప్రభుత్వమువే. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏ మేరకు సాయము లభించునో బయలుదేరుటకు ముందే విచారించవలెను.

కూలి పోవునను భయముచేతను, తోడు లేదను దిగులుచేతను వెనుదీయువారు ఉందురు. అట్టి యింటికి ఇరుగుపొరుగువారు వంతులవారీగా తోడుండు ఏర్పాటు చేయుట పంచాయతీకి భారము కాదు. వైద్యుని చేతిపని గంట సేపటిది. ఆ తరువాతి దినములు గ్రామము చేతిలోనివి. సభ్యులు ఈ బాధ్యతను స్వీకరించినచో తమ బిడ్డల ముఖములను మరల చూడగలుగువారు ప్రతి గ్రామమునను ఉందురు.