వ్యాపారం ఎవరి పేరున? అప్పు ఎవరిది?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక తెలుగింటి వదినా మరదళ్లు పచ్చళ్ల వ్యాపారం పెడుతున్నారనుకుందాం. ఒక్కరి పేరున నడిపితే లాభం ఆమె ఆదాయంలోనే కలుస్తుంది. అప్పు తీరకపోతే ఆమె సొంత ఆస్తిపైకీ వస్తుంది. ఇద్దరూ భాగస్వాములైతే సంస్థ లాభంపై 30 శాతం పన్ను, పైన సెస్సు. వ్యాపారం కోసం ఒకరు చేసిన అప్పుకు ఇద్దరూ బాధ్యులే. 1932 చట్టం కింద సంస్థను నమోదు చేయించకపోతే, సరుకు తీసుకుని డబ్బివ్వని కొట్టుపై దావా వేయలేరు. ఎల్‌ఎల్‌పీలో బాధ్యత పరిమితమే; కానీ బ్యాంకు అప్పుకు సొంత హామీ ఇస్తే ఆ మేరకు ఇల్లూ పూచీ పడినట్టే. పనివారు 10 మంది అయితే ఈఎస్‌ఐ, 20 మంది అయితే పీఎఫ్ సాధారణంగా వర్తిస్తాయి. మన ఇళ్లకు మరో మాట: అధికారి కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తుంటే, ప్రవర్తనా నియమావళి ప్రకారం ఆ సంగతి ఉద్యోగమిచ్చిన సంస్థకు తెలియజేయాలి. పచ్చడి జాడీకెత్తక ముందే ఈ కాగితాలు చూసుకోండి.