వైద్యవిద్యకు దరఖాస్తు చేయు విద్యార్థి

ఉన్నత పాఠశాల చదువు ముగియుచుండఁగా వైద్యవిద్య నభ్యసింపఁ గోరు విద్యార్థులు మమ్ము నొక ప్రశ్న నడుగుచుందురు. “నేను చేరఁదలఁచిన కళాశాల గ్రామస్థులకు సామాన్య వైద్యము చేయువారిని తయారుచేయుటయే ముఖ్యోద్దేశముగాఁ గలది. నాకో, హృద్రోగములయందో నేత్రవైద్యమునందో ప్రత్యేక నైపుణ్యము సంపాదింపవలెనని యాశ గలదు. అట్టిచోట దరఖాస్తు చేయుట న్యాయమేనా? చేసినచో నా కోరికను చెప్పవలెనా, దాఁచవలెనా?” అని వారి ప్రశ్న. ఇది విద్యార్థులకే కాక వారి తలిదండ్రులకును ముఖ్యమైన విషయము. కావున దీనిని గూర్చి యిచట కొంత విచారింతము.

ముందుగా ప్రాథమిక వైద్యమన నేమో తెలిసికొందము. రోగి మొట్టమొదట ఎవని యొద్దకు వచ్చునో ఆ వైద్యుని పనియే ప్రాథమిక వైద్యము. జ్వరము, దగ్గు, పాముకాటు, గర్భిణీస్త్రీల పరీక్ష, శిశువుల టీకాలు, మధుమేహము, రక్తపోటు, ఇవి యన్నియు నాతని యొద్దకే వచ్చును. మన దేశమునకు ముఖ్యముగాఁ గావలసినది ఇట్టి వైద్యుఁడేయని భోర్ కమిటీవారు 1946వ సంవత్సరపు తమ నివేదికయందుఁ జెప్పిరి. 1978లో ఆల్మా ఆటా నగరమున జరిగిన అంతర్జాతీయ సభయు, అందఱికిని ఆరోగ్యము కలుగుటకు ప్రాథమికారోగ్య సేవయే మార్గమని ప్రకటించెను.

కొందఱు దీనిని చిన్నపని యందురు. అది సరికాదు. రెండు వారములు మించి దగ్గుచున్నవానిని చూచి, క్షయయేమోయని కఫము పరీక్ష చేయించు వైద్యుఁడు వాని నొక్కనినే కాక వాని యింటివారిని సైతము కాపాడును. రక్తపోటును మధుమేహమును సకాలమునఁ గనిపెట్టి యదుపులో నుంచినచో, తరువాతి కాలమున మూత్రపిండములు చెడి డయాలిసిస్ యంత్రము నాశ్రయింపవలసిన వారిలో ననేకులకు ఆ యవస్థ తప్పును.

ఈ రెండు విధములైన వైద్యములును ఒకే చోట ఎట్లు పెరుగునో చూచుటకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మంచి యుదాహరణము. డాక్టరు ఐడా స్కడ్డరు 1900వ సంవత్సరమున నొక్క పడకతో అచట వైద్యము నారంభించెను. ఆమె బాటప్రక్కల చెట్లక్రింద నిలిచి పల్లెలవారికి మందు లిచ్చుచుండెను. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలను స్థాపించెను. 1947లోఁ బురుషులకును ప్రవేశము కలిగెను. ఆ సంస్థయందే 1961లో హృదయమును తెఱచి చేయు శస్త్రచికిత్సయు, 1971లో మూత్రపిండపు మార్పిడియు జరిగినవి. అయినను పల్లెసేవ నిలిచిపోలేదు, 1977లో కే.వీ. కుప్పమునందు గ్రామారోగ్యమున కొక ప్రత్యేక శాఖ యేర్పడెను. మొదటి సంవత్సరపు విద్యార్థులను పల్లెలకుఁ బంపి, అచటి జీవనమును పరిశీలింపఁజేయు పద్ధతియు నచటఁ గలదు.

1946లో వేలూరునకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠరోగుల వంకరపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సచేఁ జక్కఁజేయు నిపుణుఁడు. ఆయన గ్రహించిన ముఖ్యవిషయ మొకటి కలదు. రోగుల వ్రేళ్లు రోగమువలనఁ దమంతఁ దాము ఊడిపోవుట లేదు. స్పర్శ నశించుటచే వేఁడియు దెబ్బయుఁ దెలియక, కాలియు నలిగియు పుండ్లుపడి పాడగుచున్నవి. దీనికి మందేమి? తగిన చెప్పులు, చేతులను కాళ్లను దినదినము చూచుకొను నలవాటు, గాయమును త్వరగాఁ గట్టుట. ఇవి ప్రాథమిక వైద్యుని పనులే. ఎంతటి శస్త్రవైద్యుఁడు చేతిని బాగుచేసినను, ఊరిలో నీ జాగ్రత్త నేర్పువాఁడు లేనిచో ఆ చేయి మరలఁ బాడగును.

అచటనే చదివిన డాక్టరు మేరీ వర్గీసు స్త్రీరోగ వైద్యమునందు నిపుణురాలు కాఁగోరెను. 1954లో జరిగిన మోటారు ప్రమాదమున ఆమె కాళ్లు చచ్చుపడెను. ఆమె చక్రముల కుర్చీలోఁ గూర్చుండియే కుష్ఠరోగులకు శస్త్రచికిత్సలు చేసెను. పిమ్మట అమెరికాలోఁ బునరావాస వైద్యము నభ్యసించి వచ్చి, వేలూరులో ఆ శాఖకుఁ బెద్ద యయ్యెను. పదునెనిమిదేండ్ల వయస్సునఁ గోరిన శాఖయే కడవఱకు నిలుచునని యెవ్వరును జెప్పలేరు. కాఁబట్టి శాఖను ముందే నిశ్చయించుకొని, తక్కిన చదువును దానికి అడ్డుగా నెంచుట తెలివి కాదు.

ఇఁక కాలమును లెక్కింతము. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరములు. ఆస్పత్రిలో శిక్షణ ఒక సంవత్సరము. సంఘముల సిఫారసుతో వేలూరులోఁ జేరువారు చదువు ముగిసిన పిమ్మట రెండు సంవత్సరములు అవసరమైన చోట సేవచేయుట కొడంబడుదురు. మన తెలుఁగు సంఘములనుండియు నట్లు పోవువారు కలరు. పిమ్మట ఎం.డి. లేక ఎం.ఎస్. మూఁడు సంవత్సరములు, హృద్రోగముల వంటి శాఖకు మఱి మూఁడు. పదునెనిమిదవ యేటఁ జేరినవాఁడు ఎక్కడను ఆఁగకున్నను, మొదటి నైపుణ్యమునకు ఇరువది యెనిమిదిన్నర, రెండవదానికి ముప్పది యొకటిన్నర యేండ్లవాఁ డగును. ఇది తలిదండ్రులు ముందుగా నెఱుఁగవలసిన లెక్క. అయితే ఒప్పందము లేనివారిలోను పైచదువు ప్రవేశపరీక్షకై ఇంటఁ గూర్చుండి యొకటి రెండేండ్లు గడుపువారు కలరు. పల్లె యాస్పత్రిలోఁ గడపిన రెండేండ్లు వ్యర్థము కావు. పుస్తకమునఁ జదివిన రోగము మనుష్యునియందు ఎట్లుండునో అచటఁ దెలియును.

కావున మా యభిప్రాయ మిది. నైపుణ్యమును గోరుట తప్పు కాదు. అట్టి కళాశాలకు దరఖాస్తు చేయుటయుఁ దప్పు కాదు. కాని ఆ సేవాకాలమును పూర్ణమనస్సుతోఁ జేయఁదలఁచినవారే దరఖాస్తు చేయవలెను. దానిని సుంకమువలె నెంచి, డబ్బు కట్టి తప్పించుకొందమని ముందే తలఁచువాఁడు ఆ స్థానమును మఱియొకనికి విడుచుట మేలు. ఏలయన ఆ స్థానముతోఁ గూడ ఒక యూరికి రావలసిన వైద్యుఁడును పోవును.

సంఘపు పెద్దలుగాని కళాశాలవారుగాని యడిగినప్పుడు కోరికను దాఁపవలదు. “నాకు నేత్రవైద్య మిష్టము, అయినను మీరు పంపిన చోట మొదట సామాన్య వైద్యునిగాఁ బనిచేసెదను, అచటి యవసరమును జూచి నా శాఖను నిర్ణయించుకొందును” అని చెప్పుట చాలును. అయితే అది నిజమై యుండవలెను. నేర్చిన మాటను అడుగువారు సులభముగా గుర్తింతురు.

తలిదండ్రులకును ఒక మనవి. ఒప్పందపత్రముపై సంతకము చేయుటకు ముందు నాలుగు సంగతులు విచారింపుఁడు: సేవ యెన్ని సంవత్సరములు, ఏ ప్రాంతమున, జీతమెంత, మానుకొన్నచో చెల్లింపవలసిన దెంత. పిల్లవాని యెదుటనే ఆ పత్రమును చదివి, ప్రతి షరతును వానికి బోధపఱచి, వాని యిష్టమును వాని నోటనే వినుఁడు. సేవ చేయవలసినవాఁడు వాఁడే గదా!