పండ్లు తిను గబ్బిలము: చెట్టు కొట్టుటకు ముందు

మామిడి, జామ, సపోటా పక్వమునకు వచ్చు దినములలో ద్రాక్షారామ ప్రాంతపు రైతులు మమ్ములను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఊరి మఱ్ఱిచెట్టున వ్రేలాడు గబ్బిలములు తోటను పాడుచేయుచున్నవి. ఆ చెట్టు కొట్టివేయుదుమా?" ప్రత్యుత్తరమునకు ముందు ఆ జంతువు నడవడిని తెలిసికొందము.

ఇది పక్షి కాదు. పిల్లను కని పాలిచ్చు జంతువు. రెక్కలు చాచినచో సుమారు 4 అడుగులు. పెద్ద మగదాని బరువు కిలోన్నర వఱకు నుండును. పాత కట్టడముల చీకటిలో చేరి, పురుగులను తిని, తమ కూత ప్రతిధ్వనిచే దారి తెలిసికొను చిన్న గబ్బిలములు వేఱు. ఈ పెద్దది కంటిచూపుచేతను, వాసనచేతను ఆహారము వెదకును. పగలు మఱ్ఱి, రావి, చింత వంటి ఎత్తైన చెట్లకు తలక్రిందుగా వ్రేలాడి, ప్రొద్దు గ్రుంకిన పిదప మైళ్ల దూరము పోయి మేసి, తెల్లవారులోగా మరలివచ్చును. ఏడాదికి ఒక్క యీత. సాధారణముగా ఒక్కటే పిల్ల. కావున తగ్గిన గుంపు మరల పెరుగుటకు ఏండ్లు పట్టును.

ఇది పండును నమలి రసము మ్రింగి పిప్పి ఉమిసివేయును. మఱ్ఱి, రావి గింజలు దాని కడుపున చెడక, దూరమున రెట్టతో పడి మొలచును. ఇప్ప, పొన్న కాయలను నోట కఱచుకొనిపోయి వేఱొకచోట విడుచును. ఇప్పపూలకు రాత్రివేళ పుప్పొడి చేర్చునదియు ఇదియే.

తోటకు నష్టము లేదని మేము చెప్పము. కాని చెట్టు కొట్టినచో గబ్బిలములు మఱొక చెట్టు చేరి, ఆ తోటకే వచ్చును; ఊరికి నీడ మాత్రము పోవును. ఇంతకంటె మేలైన పనులు ఇవి:

1. మామిడికాయ ముదిరినతోడనే కోసి గడ్డిలో మాగవేయవలెను. చెట్టున పండిన పండే దానిని పిలుచును.
2. అరటిగెలకు ఎండుటాకులు గాని గోనె గాని చుట్టవలెను. జామకాయలకు సంచులు తొడుగవలెను.
3. వల వేసినచో వ్రేలు దూరని కన్నులుగలదానిని బిగువుగా కట్టవలెను. వదులు వలలో రెక్కలు చిక్కి జంతువు చచ్చును, వలయు చిరుగును. సభ్యులు కలసి కొనినచో ఖర్చు తగ్గును.

ఆరోగ్యమునకు సంబంధించిన మాట యొకటి. నిపా యను వైరసు ఈ జాతిలో నుండును. 2018లో కేరళమున కోజికోడు ప్రాంతమున అది మనుష్యులకు సోకి పలువురు మరణించిరి. కావున గబ్బిలము కొఱికిన పండును మనుష్యులు తినరాదు, పశువులకు పెట్టరాదు. కల్లుముంతకు మూత కట్టవలెను. క్రిందపడిన గబ్బిలమును వట్టిచేతులతో తాకరాదు.

1972 నాటి వన్యప్రాణి చట్టములో ఇది హానికర జంతువుల పట్టికయందుండెను. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలై ఆ పట్టికను తొలగించినది. కావున చంపుటకు పూర్వమున్న వెసులుబాటు నేడు లేదు.

రైతు సోదరులారా! పండును కాపాడుడు, చెట్టును ఉండనిండు.