రేడార్ సెట్లు బాగుచేసిన చేతులు

ప్రశ్న: ఆర్మీ ఈఎంఈ విభాగంలో 17 ఏళ్లు ఎలక్ట్రానిక్స్ మరమ్మతులు చేసి రిటైరయ్యాను. డిప్లొమా ఉంది. ఏలూరు చుట్టుపక్కలే బయోమెడికల్ ఇంజనీరుగా స్థిరపడగలనా?
– మాజీ సైనికుడు, కైకలూరు

జవాబు: తప్పకుండా. అయితే ముందు టెక్నీషియన్‌గా చేరండి. 15 ఏళ్ల సర్వీసుకు కేంద్రం గ్రూప్-సి ఉద్యోగాల కోసం ఇచ్చే డిగ్రీ సమాన గుర్తింపు సాంకేతిక పోస్టులకు పనికిరాదు. ఇంజనీరు హోదా కావాలంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాలి. తాడేపల్లిగూడెం నిట్‌లో ఉన్నది బయోటెక్నాలజీ, బయోమెడికల్ పని వేరు. శిక్షణ గురించి విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో వాకబు చేయండి.

మీ అనుభవం మన ప్రాంతానికి నిజంగా అవసరం. జాతీయ ఆరోగ్య మిషన్ లక్ష్యం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం సమయం, పీహెచ్‌సీలో 80 శాతం సమయం పనిచేస్తూ ఉండాలి. కొల్లేటి ఊళ్లలో గాలి తేమగా ఉంటుంది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌లోని జియోలైట్ ఆ తేమ పీల్చుకుంటే మిషన్ తిరుగుతూనే ఉంటుంది, ఆక్సిజన్ శాతం మాత్రం పడిపోతుంది. చప్పుడు విని బాగానే ఉందనుకుంటారు. మీటరు పెట్టి చూసి, లాగ్‌బుక్‌లో రాసే మనిషే ఆ లోపాన్ని పట్టుకోగలడు. ఆ క్రమశిక్షణ మీకు సర్వీసులోనే అబ్బింది.

డిశ్చార్జి బుక్, ట్రేడ్ సర్టిఫికెట్లు తీసుకుని ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి.